చెరిపేసిన టేపుల్లోంచి మిగిలిన పాటలు: జాంబీస్ రేడియో సెషన్ల కథ

మా నాన్న దగ్గర ఒక పాత క్యాసెట్ ఉండేది. వివిధ భారతిలో వచ్చే పాటల్ని, రేడియో ముందు టేప్ రికార్డరు పెట్టి పట్టుకున్నది. అందులో ఒక పాట రెండో చరణం దగ్గర వంటింట్లోంచి కుక్కరు కూత వినిపిస్తుంది. ఆ వెంటనే "తలుపు వేసెయ్" అని నాన్న గుసగుసగా అంటాడు. ఆ క్యాసెట్లో ఉన్న పాటలన్నీ ఇప్పుడు ఫోన్లో శుభ్రంగా దొరుకుతాయి కాబట్టి, అది పాడైపోయినా ఆ పాటలకి వచ్చిన నష్టమేమీ లేదు. కానీ ఒక పాట ఎప్పుడూ రికార్డుగా రాలేదనుకోండి. రేడియోలో ఒకటి రెండుసార్లు వచ్చి, ఆ తర్వాత రేడియో వాళ్ల దగ్గర కూడా లేకుండా పోయిందనుకోండి. అప్పుడు ఎవరో ఒక ఇంట్లో, కుక్కరు కూతతో సహా పట్టుకున్న ఆ టేపు తప్ప ఆ పాటకి వేరే ఆధారం ఉండదు.

1960ల బ్రిటన్ పాప్ బృందాల విషయంలో జరిగింది ఇదే. ఆ పాటలు ఎందుకు పుట్టాయి, ఎందుకు పోయాయి, మిగిలినవి ఎలా మిగిలాయి అన్నది కాస్త చిక్కుముడి. దాన్ని ఒక బృందాన్ని పట్టుకుని విప్పితే సులువుగా అర్థమవుతుంది. ఆ బృందం పేరు ది జాంబీస్.

లండన్‌కి ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ అనే ఊరి కుర్రాళ్లు వీళ్లు. కీబోర్డు రాడ్ ఆర్జెంట్, గొంతు కాలిన్ బ్లన్‌స్టోన్, గిటార్ పాల్ అట్కిన్సన్, బాస్ క్రిస్ వైట్, డ్రమ్స్ హ్యూ గ్రండీ. 1964లో పాప్ బృందాలకి పెట్టిన ఒక స్థానిక 'బీట్' పోటీలో గెలిచి, డెక్కా కంపెనీలో అవకాశం తెచ్చుకున్నారు. మొదటి పాట 'షీజ్ నాట్ దేర్' అమెరికా హిట్ పాటల పట్టికలో 2వ స్థానానికి వెళ్లింది, బ్రిటన్లో 12 దగ్గర ఆగింది. తర్వాత వచ్చిన 'టెల్ హర్ నో' అమెరికాలో 6వ స్థానం, సొంత దేశంలో 42. అంతే, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో వాళ్ల పాటలు పట్టించుకున్నవాళ్లు లేరు. 1967లో ఎంతో ప్రేమతో ఒక ఆల్బమ్ చేసుకుని, అది బయటికి రాకముందే, ఆ డిసెంబరులోనే విడిపోయారు. 1969లో అదే ఆల్బమ్‌లోని ఒక పాట అమెరికాలో 3వ స్థానానికి చేరితే, అప్పటికి పాడటానికి బృందమే లేదు. అక్కడ దొంగ జాంబీస్ బయల్దేరి ఊళ్లు తిరిగి కచేరీలు చేశారు. అలాంటి ఒక నకిలీ బృందంలో ఉన్న ఇద్దరు తర్వాత జెడ్ జెడ్ టాప్ అనే అమెరికా రాక్ బృందంలో పేరు తెచ్చుకున్నారు. అసలు బృందం గాయకుడు బ్లన్‌స్టోన్ మాత్రం అప్పటికి ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగంలో చేరిపోయాడు.

ఇలాంటి బృందం చేసిన రికార్డులు లెక్కకి తక్కువే ఉంటాయి కదా. బతికున్న మూడేళ్లలో డెక్కాలో ఒక ఆల్బమ్, కొన్ని సింగిల్స్, చివర్లో సీబీఎస్ కంపెనీకి ఇంకో ఆల్బమ్. కానీ వాటికి పక్కనే, ఎవరూ అంతగా చూడని ఇంకో గుట్ట ఉంది. బీబీసీ రేడియో కోసం వాళ్లు పాడిన పాటలు. అందులో కొన్ని వాళ్లు రికార్డుగా ఎప్పుడూ విడుదల చెయ్యనివి.

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. రేడియో స్టేషన్ చేతిలో రికార్డు ఉండగా, అదే బృందాన్ని స్టూడియోకి పిలిపించి అదే పాట మళ్లీ పాడించడం ఎందుకు? జవాబు కోసం 1960ల కంటే వెనక్కి, బ్రిస్టల్ నగరంలో ఒక టీ హోటల్ దాకా వెళ్లాలి. 1930ల్లో ఆ హోటల్ వాళ్లు కస్టమర్ల కోసం గ్రామఫోన్ రికార్డు వేశారు. రికార్డు కంపెనీ కోర్టుకెక్కింది. రికార్డు కొనుక్కుంటే ఇంట్లో వినే హక్కే గానీ, పదిమందికీ వినిపించే హక్కు కాదని కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఊతంతో డెక్కా, ఈఎంఐ కంపెనీలు కలిసి 1934లో ఫోనోగ్రాఫిక్ పెర్ఫార్మెన్స్ లిమిటెడ్ అనే సంస్థ పెట్టుకున్నాయి. రికార్డుల్ని ఎక్కడ, ఎంతసేపు వేయాలో చెప్పే అధికారం దాని చేతికి వచ్చింది.

రేడియోలో రికార్డులు మరీ ఎక్కువ వేస్తే జనం కొనడం మానేస్తారని కంపెనీల భయం. వాద్యకారుల సంఘం భయం ఇంకా సూటిగా ఉంది. ప్లేటు తిరిగితే చాలనుకుంటే వాయించేవాడికి కూలి ఎక్కడిది? ఈ రెండు భయాలూ కలిసి 'నీడిల్ టైమ్' అనే ఒప్పందం అయ్యింది. అంటే రికార్డు మీద సూది ఆడే సమయం. 1967 వరకూ బీబీసీ తన రేడియో సర్వీసులన్నిటిలో కలిపి రోజుకు సుమారు 5 గంటలు మాత్రమే మార్కెట్లో అమ్మే రికార్డుల్ని వేయగలిగేది. మిగతా సంగీతమంతా ఎవరో ఒకరు వచ్చి వాయించాల్సిందే. అందుకే కొత్త హిట్ పాటని కూడా చాలాసార్లు బీబీసీ సొంత డాన్స్ ఆర్కెస్ట్రా వాయిస్తే వినాల్సి వచ్చేది. బీటిల్స్ పాట కోసం రేడియో పెట్టిన పిల్లవాడికి కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు ట్రంపెట్లతో వాయించిన అదే పాట వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 1964లో సముద్రంలో ఓడ మీద నుంచి రేడియో కెరొలీన్ లాంటి అనధికార స్టేషన్లు రోజంతా రికార్డులే వేస్తుంటే కుర్రకారు అటు పరుగెత్తడంలో ఆశ్చర్యమేముంది?

ఆర్కెస్ట్రాకి బదులు అసలు బృందాన్నే పిలిస్తే? అలా చేస్తే సూది సమయం ఖర్చు కాదు, పిల్లలకి కావలసిన గొంతూ దొరుకుతుంది. బీబీసీ వినోద రేడియో సర్వీసు లైట్ ప్రోగ్రామ్‌లో 1958లో మొదలైన 'శాటర్డే క్లబ్' ఈ దారిలోనే నడిచింది. బ్రయన్ మాథ్యూ దాని వ్యాఖ్యాత. శనివారం ఉదయం రెండు గంటల కార్యక్రమం, ఆ రోజుల్లో కొత్త బృందానికి అందులో పిలుపు రావడం అంటే దేశమంతా వినడమే. అలా వచ్చి, రేడియో కోసం ప్రత్యేకంగా పాడి వెళ్లడాన్నే సెషన్ అంటారు.

అయితే పిలుపు ఊరికే రాదు. ముందు ఆడిషన్. మన ఆకాశవాణి ఆడిషన్ గురించి పెద్దవాళ్లు ఎంత టెన్షన్‌గా చెప్పేవారో తెలిసినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. బీబీసీలోనూ ఒక ప్యానెల్ కూర్చుని విని, కాగితం మీద అభిప్రాయం రాసేది. తర్వాతి కాలంలో పెద్ద రాక్ స్టార్ అయిన డేవిడ్ బోయీ 1965 నవంబరులో అప్పటి తన బృందంతో వెళితే, గాయకుడిలో వ్యక్తిత్వమే లేదన్న అభిప్రాయంతో తిప్పి పంపేశారు.

సెషన్ జరిగే తీరు తెలిస్తే ఆ పాటల ధ్వని ఎందుకు వేరుగా ఉంటుందో తెలుస్తుంది. టైం తక్కువ, సాధారణంగా ఒక పూటలో నాలుగైదు పాటలు అయిపోవాలి. బృందమంతా ఒకేసారి వాయిస్తూ పాడుతూ ఉంటే, అది నేరుగా మోనో టేపు మీదకి ఎక్కేది. పైన ఇంకో గొంతు కలపాలంటే ఆ టేపుని ఇంకో టేపు మీదకి ఎక్కిస్తూ, అప్పుడే కలిసి పాడాలి. ఎంత వేగంగా పని జరిగేదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1963 జులై 16న బీటిల్స్ బీబీసీ కోసం ఒక్క రోజులో 18 పాటలు రికార్డు చేశారు. ఇప్పుడు ఒక్క పాట మిక్సింగుకే వారం పడుతున్న రోజుల్లో ఇది నమ్మబుద్ధి కాదు.

ఇక్కడే జాంబీస్ సంగతి నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. రికార్డుల్లో వాళ్లని వింటే మెత్తని బృందం. ఆర్జెంట్ ఎలక్ట్రిక్ పియానో మీద జాజ్ ఛాయలు, బ్లన్‌స్టోన్ ఊపిరితో కలిసిపోయిన సన్నని గొంతు. చదువుకున్న బుద్ధిమంతులైన కుర్రాళ్లన్న ముద్ర కూడా ఉండేది. డెక్కాలో వాళ్ల పాటల్ని కెన్ జోన్స్ అనే నిర్మాత చూసేవాడు. చివరి మిక్సింగు ఆయన చేతిలో ఉండేది, ఆ ఫలితాల పట్ల బృందానికి అసంతృప్తి ఉండేది. రేడియోలో ఆ అడ్డు లేదు. రాత్రుళ్లు క్లబ్బుల్లో ఏం వాయిస్తున్నారో అదే తెచ్చి వాయించారు. లిటిల్ రిచర్డ్ పాట, ఇంప్రెషన్స్ పాట, ఐస్లీ బ్రదర్స్ పాట. అన్నీ అమెరికా నల్లజాతి గాయకులవి. అవి వింటే రికార్డుల్లోని ఆ నాజూకుతనానికి కింద ఎలాంటి గట్టి పునాది ఉందో తెలుస్తుంది. గ్రండీ డ్రమ్స్ రేడియోలో చాలా ముందుకు వస్తాయి, బాస్ గీత స్పష్టంగా పట్టుకోవచ్చు.

అన్నీ గొప్పగా ఉంటాయని చెప్పను. లిటిల్ రిచర్డ్ అరుపుకి బ్లన్‌స్టోన్ గొంతు చాలదు, అది వాళ్ల పాట కాదు. కానీ 'యు మస్ట్ బిలీవ్ మీ' అనే ఇంప్రెషన్స్ పాటని వీళ్లు పాడుతుంటే, ముగ్గురి గొంతులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వస్తాయి. వాళ్ల సొంత పాటల్లో తర్వాత వినిపించే కోరస్‌కి పాఠం ఎక్కడ నేర్చుకున్నారో అక్కడ దొరుకుతుంది. సెషన్ల విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. రికార్డు అంటే పూర్తయిన పని, సెషన్ అంటే ఆ పని వెనక సాధన.

ఇంకో చిన్న సంగతి. సెషన్ల పాటల్లో 'ది లుక్ ఆఫ్ లవ్' అనే పాట ఉంది. అది 1967లో ఒక సినిమా కోసం వచ్చిన పాట. జాంబీస్ విడిపోయింది అదే ఏడాది డిసెంబరులో. అంటే ఆ పాడటం జరిగింది బృందం చివరి నెలల్లోనే. సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్లు అబీ రోడ్ స్టూడియోలో, సీబీఎస్ ఇచ్చిన 1000 పౌండ్లతో, 'ఒడెస్సీ అండ్ ఒరాకిల్' అనే తమ ఆఖరి ఆల్బమ్ చేసుకుంటున్నారు. స్టీరియో మిక్స్ కూడా కావాలని కంపెనీ అడిగితే ఆర్జెంట్, వైట్ తమ జేబులోంచి డబ్బు పెట్టారు. సొంత సంగీతం కోసం సొంత డబ్బు పోసుకుంటున్న ఆ మనుషులే, ఇంకో పక్క బీబీసీకి వెళ్లి ఎవరిదో సినిమా పాట పాడి వచ్చారు. ఆ పాటని వాళ్లు ఎంత శ్రద్ధగా పాడారో వింటే, విడిపోబోతున్న బృందం అని అనిపించదు. ఆ ఒక్క రికార్డింగు వినడానికైనా ఈ సెషన్ల జోలికి వెళ్లొచ్చు అంటాను.

మరి ఇంత సంగీతం ఎలా పోయింది? పాత రోజుల్లో టేపు ఖరీదు ఎక్కువ, అందుకే చెరిపి మళ్లీ వాడుకున్నారని చాలామంది చెబుతారు. అది నిజమే కానీ సగమే. టేపుకి ఖరీదు ఉంటే, దాని మీద ఉన్న పాటకి లేకపోవడం ఎందుకు? ఎందుకంటే వచ్చి వాయించినవాళ్లకి ఇచ్చే డబ్బు ఒక ప్రసారానికి, మహా అయితే పరిమితంగా ఇంకోసారి వేసుకోవడానికి మాత్రమే. ఆ తర్వాత మళ్లీ వేయాలంటే మళ్లీ డబ్బు చెల్లించాలి. అంత డబ్బు పెట్టేదానికి ఈ వారం హిట్ పాడే ఇంకో బృందాన్నే పిలవచ్చు కదా. కాబట్టి ప్రసారం అయిపోయిన టేపు బీబీసీ దృష్టిలో మళ్లీ వాడుకోదగ్గ ఖాళీ టేపు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. పాప్ పాట మూడు వారాల ముచ్చట అని అప్పట్లో అందరూ నమ్మారు, పాడినవాళ్లతో సహా.

చూడండి, వాద్యకారుల పొట్ట కొట్టకూడదని పెట్టిన నిబంధన వల్లే ఈ సెషన్లు పుట్టాయి. అదే నిబంధనలోని ఇంకో కొస వల్ల అవి చెరిగిపోయాయి. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. సంఘం అడిగింది న్యాయమే, బీబీసీ లెక్క కూడా లెక్కే. ఆ ఏర్పాటు 1967 తర్వాత కూడా చాలా కాలం కొనసాగింది. ఆ ఏడాది సెప్టెంబరు 30న బీబీసీ పాప్ స్టేషన్ రేడియో 1 మొదలైనా దానికీ రికార్డుల సమయం పరిమితంగానే దొరికింది. అక్కడి వ్యాఖ్యాత జాన్ పీల్ కార్యక్రమానికి జీవం పోసిన సెషన్లు కూడా ఈ కరువులోంచి పుట్టినవే. 1988లో గుత్తాధిపత్యాల కమిషన్ ఈ పద్ధతి ఎత్తేయాలని తేల్చాక గానీ నీడిల్ టైమ్ కథ ముగియలేదు.

ఇక మిగిలినవి. బీబీసీకి ట్రాన్‌స్క్రిప్షన్ సర్వీస్ అని ఒక విభాగం ఉండేది. అది మంచి కార్యక్రమాల్ని డిస్కుల మీద అచ్చు వేసి విదేశీ రేడియో స్టేషన్లకి పంపేది. పాప్ సెషన్లకి కూడా అలాంటి వరస ఒకటి నడిచింది, దానికీ బ్రయన్ మాథ్యూనే మాటలు చెప్పేవాడు. గడువు అయిపోయాక ఆ డిస్కుల్ని తిప్పి పంపాలి, లేదా నాశనం చేయాలి అన్నది షరతు. అందరూ ఆ మాట వినలేదు. ఎక్కడో దూరదేశంలో ఒక స్టేషన్ లైబ్రరీలో ఎవరో పక్కన పెట్టిన డిస్కు, లండన్లో చెరిగిపోయిన పాటని కాపాడింది. వీటి ధ్వని చాలా బాగుంటుంది. కాకపోతే చాలా చోట్ల పాట మొదలవుతుండగా మాథ్యూ గొంతు పైన పడుతుంది, దాన్ని విడదీయడం కుదరదు.

రెండో దారి మా నాన్న దారి. స్పూల్ టేప్ రికార్డర్లు అప్పటికే కొన్ని మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి, గ్రండిగ్ లాంటివి. శనివారం ఉదయం రేడియో దగ్గర కాచుకుని కూర్చున్న కుర్రాళ్లు పాట మొదలవగానే బటన్ నొక్కేవాళ్లు. టేపు ఆదా కోసం సెకనుకు 3¾ అంగుళాలు, ఇంకా తక్కువ వేగంతో నడిపేవాళ్లు. వేగం తగ్గితే పైస్థాయి శబ్దాలు మసకబారతాయి. అదే లైట్ ప్రోగ్రామ్‌ని లాంగ్ వేవ్‌లో పట్టుకున్నవాడి టేపులో గుర్రుమనే చప్పుడు ఉంటుంది, వీహెచ్ఎఫ్ (ఇప్పటి ఎఫ్ఎం) సెట్టు ఉన్నవాడి ఇంటి టేపు స్టూడియో టేపుకి దగ్గరగా ఉంటుంది. ఒకే సెషన్ రెండు చోట్ల రెండు రకాలుగా వినిపించడానికి కారణం తరచుగా ఇదే. బీటిల్స్ రేడియో పాటలు 1994లో ఆల్బమ్‌గా వచ్చినప్పుడు కూడా, బీబీసీ దగ్గర లేని కొన్నిటికి శ్రోతల టేపులే దిక్కయ్యాయి. బీటిల్స్‌కే అలా అయితే జాంబీస్ లాంటివాళ్ల మాట చెప్పాలా?

జాంబీస్ అభిమానులకి పెద్ద మలుపు 1997లో వచ్చింది. లండన్‌లోని ఏస్ రికార్డ్స్ వాళ్లు 'జాంబీ హెవెన్' పేరుతో 4 సీడీల పెట్టె విడుదల చేశారు. అందులో ఒక సీడీ మొత్తం రేడియో పాటలకే కేటాయించారు. అంతవరకు చెదురుమదురుగా తిరిగిన పాటలకి అలా ఒక ఇల్లు దొరికింది. 2019లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వాళ్లని తీసుకున్నారు. అది ముఖ్యంగా ఆ ఆఖరి ఆల్బమ్ సంపాదించిన గౌరవమే అయినా, ఆ బృందం వేదిక మీద ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం మాత్రం రేడియో పాటల్లోనే ఎక్కువ ఉంది.

టేపు దొరికితే చాలు, విడుదల చేసెయ్యొచ్చు అనుకుంటారు గానీ అక్కడ ఇంకో ముడి ఉంది. రికార్డింగు చేసింది బీబీసీ. కాబట్టి దాని అనుమతి కావాలి. పాడినవాళ్లకి తమ ప్రదర్శన మీద హక్కు ఉంది. అప్పట్లో వాళ్లు ఏదో ఒక కంపెనీకే పాడతామని ఒప్పందం రాసుకుని ఉంటారు, ఆ కంపెనీ అభ్యంతరం పెట్టొచ్చు. పాట రాసినవాళ్లు వేరే, జాంబీస్ పాడిన అమెరికా పాటలకైతే ఆ హక్కులు అట్లాంటిక్ అవతల ఉంటాయి. రెండున్నర నిమిషాల పాటకి ఇన్ని సంతకాలు. విడుదల చేస్తే అమ్ముడుపోయేది కొన్ని వేల కాపీలైతే, ఆ సంతకాల కోసం ఎవరు తిరుగుతారు? చిన్న బృందాల సెషన్లు బయటికి రాకపోవడానికి టేపు లేకపోవడం ఒక్కటే కారణం కాదు.

గడువుల లెక్క కూడా విచిత్రంగా పనిచేసింది. 2013లో యూరప్ నిబంధన ప్రకారం బ్రిటన్‌లో రికార్డింగుల కాపీరైట్ గడువు 50 ఏళ్ల నుంచి 70కి పెరిగింది. ఆ పొడిగింపు విడుదలైన వాటికే. విడుదల కాకుండా మూలన పడి ఉన్నవాటికి 50 ఏళ్లతోనే రక్షణ పోయే ప్రమాదం ఉంది. దాంతో 2013 డిసెంబరులో, 50 ఏళ్లు నిండే ముందు, 1963 నాటి 59 బీటిల్స్ ట్రాకులు ఉన్నట్టుండి డౌన్‌లోడ్‌గా వచ్చేశాయి. వాటిలో ఎక్కువ భాగం బీబీసీ సెషన్లవే. అభిమానం కంటే చట్టమే ముందు వాటిని బయటికి తోసింది. చిన్న బృందాలకి అలా తోసే కంపెనీ కూడా ఉండదు.

బీబీసీ 2001లో ప్రజల్నే అడిగింది, మీ ఇళ్లలో పాత టేపులు ఉంటే చెప్పండి అని. రేడియోవీ, టీవీవీ, పోయాయనుకున్నవి కొన్ని అలా తిరిగి వచ్చాయి. 1965లో పదిహేనేళ్లున్న కుర్రాడికి ఇప్పుడు 75 దాటాయి. ఆయన అటక మీద ఉన్న స్పూల్ డబ్బా మీద బృందం పేరు కూడా రాసి ఉండకపోవచ్చు, ఒక శనివారం తేదీ ఉంటుందేమో. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పిల్లలు దాన్ని ఏం చేస్తారన్న దాని మీదే కొన్ని పాటల భవిష్యత్తు ఆధారపడి ఉంది.

అలా దొరికిన టేపుని శుభ్రం చేసేవాళ్లకి ఒక ఇబ్బంది ఉంటుంది. సన్నటి హిస్ శబ్దాన్ని పూర్తిగా తీసేస్తే దానితోపాటు తాళాల మోతా, గాయకుడి ఊపిరీ పోతాయి. బ్లన్‌స్టోన్ లాంటి గొంతు విషయంలో ఊపిరి పోతే ఇంకేం మిగలదు. అందుకే బాగా తెలిసినవాళ్లు కొంత గరుకుని అలాగే ఉంచుతారు. జాంబీస్ రేడియో పాటలు వినేటప్పుడు హెడ్‌ఫోన్స్‌లో ఆ గరుకు తగిలితే చిరాకు పడకండి. ముందు రికార్డు మీద వచ్చిన 'టెల్ హర్ నో' ఒకసారి విని, వెంటనే రేడియోలో పాడింది వినండి. డ్రమ్స్ ఎక్కడ ఉన్నాయో, గొంతు ఎంత దగ్గరికి వచ్చిందో గమనించండి.

నాన్న క్యాసెట్‌ని కిందటేడు కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆ పని చేసిన అబ్బాయి రెండో చరణం దగ్గర ఆపి, "అన్నా, ఈ కుక్కర్ సౌండ్ తీసెయ్యనా?" అని అడిగాడు. ఉంచమన్నాను.